కోపిపాడ్లు లేకపోతే చేపలు నేరుగా శైవలాలనే తినలేవా?

నీటిబొట్టు (ప్రశ్న):
జల జీవావరణం గురించి ఏది చదివినా ఒకే గొలుసు కనిపిస్తోంది. వృక్ష ప్లవకాలను (నీటిలో తేలే సూక్ష్మ శైవలాలను) కోపిపాడ్లు (రొయ్యల వర్గానికి చెందిన అతి చిన్న నీటి జీవులు), కోపిపాడ్లను చిన్న చేపలు, చిన్న చేపలను పెద్ద చేపలు తింటాయి. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు చేరే శక్తి సుమారు పదో వంతేనని కూడా చెబుతారు. ఆ లెక్కన మధ్యలో ఈ మిల్లీమీటరు జీవి ఉండటం నష్టమే కదా? అది లేకుంటే చేపలు శైవలాలనే తిని ఇంకా ఎక్కువ సంఖ్యలో పెరిగేవి కావా? పైగా వాతావరణంలోని కార్బన్‌కూ వీటికీ సంబంధం ఉందంటారు. అదెలాగో తెలిసినవారు వివరించగలరు.

తరంగిణి:
మెట్టు మెట్టుకూ శక్తి తరిగిపోతుందన్న మాట నిజమే. అయితే తినే నోటికీ, తినబడే కణానికీ మధ్య ఉన్న పరిమాణ భేదం ఆ లెక్కలోకి రాలేదు. నడిసముద్రంలోని వృక్ష ప్లవకాల్లో ఎక్కువ భాగం మిల్లీమీటరులో వందో వంతు కంటే చిన్నవి. అంత సన్నని కణాలను నీటి నుంచి వడకట్టుకోగల మొప్పల అమరిక అతి కొద్ది చేపలకే ఉంది. మరీ చిన్న కణాలైతే కోపిపాడ్లకు కూడా చిక్కవు. వాటిని ఏకకణ శైలికాజీవులు (సన్నని కేశాలను ఆడిస్తూ ఈదే సూక్ష్మజీవులు) తింటే, ఆ శైలికాజీవులను కోపిపాడ్లు పట్టుకుంటాయి. కాబట్టి అసలు గొలుసు మీరు రాసినదానికంటే పొడవైనదే.

ఆ పట్టుకోవడం కూడా తేలికైన పని కాదు. అంత చిన్న జీవికి నీరు తేనెలా చిక్కగా అడ్డుపడుతుంది. కోపిపాడ్ల నోటి ఉపాంగాలు నీటిని ఊరికే వడపోస్తాయని చాలాకాలం భావించారు. అవి ఉపాంగాలను ఆడించి, కణం ఉన్న కొద్దిపాటి నీటిని దగ్గరికి లాగి, ఆ కణాన్ని ఒడిసి పట్టుకుంటాయని అతివేగ చలనచిత్రాల ఆధారంగా 1981లో వెలువడిన పరిశోధన చూపింది.

ఇక చేపల వైపు నుంచి చూడండి. గుడ్డు నుంచి వెలువడిన కోపిపాడ్ ఆరు నాప్లియస్ (తొలి డింభక) దశలు, ఐదు కోపిపోడైట్ (పిల్ల కోపిపాడ్) దశలు దాటి ప్రౌఢదశకు చేరుతుంది. కుబుసం విడిచిన ప్రతిసారీ కొంత పెద్దదవుతుంది కనుక, పెరుగుతున్న చేపపిల్ల నోటికి ఏ వయసులోనైనా సరిపోయే ఆహారం దొరుకుతుంది. చాలా సముద్రపు చేపపిల్లల తొలి ఆహారం ఈ నాప్లియస్ డింభకాలే. ఆ చేపలు తమ శరీరంలో తగినంతగా తయారుచేసుకోలేని ఒమేగా-3 కొవ్వులు శైవలాల్లో పుట్టి, కోపిపాడ్లలో పోగుపడి, అక్కడి నుంచి వాటికి అందుతాయి.

సూక్ష్మదర్శిని:
కార్బన్ సంగతి నేను చెబుతాను. చాలా కోపిపాడ్ జాతులు రాత్రివేళ పై నీటికి వచ్చి మేసి, తమను కంటితో చూసి వేటాడే చేపల నుంచి తప్పించుకోవడానికి పగలు లోతుకు దిగిపోతాయి. పైన తిన్నదానిలో కొంత లోతున శ్వాసక్రియలో ఖర్చవుతుంది కనుక, దానిలోని కార్బన్ లోతులోనే విడుదలవుతుంది. వాటి మలగుళికలు కూడా విడి శైవల కణాలకంటే వేగంగా మునుగుతాయి. అయితే గుళికలన్నీ అడుగుకు చేరతాయన్నట్టు కొన్ని పుస్తకాల్లో కనిపించే వర్ణన అతిశయోక్తే. వాటిలో చాలా భాగం పై పొరల్లోనే విరిగి, బాక్టీరియాకూ ఇతర ప్లవకాలకూ ఆహారమైపోతుంది.

నాకు ఇంతకంటే బలంగా తోచే ఉదాహరణ ఉత్తర అట్లాంటిక్‌లోని కలానస్ ఫిన్‌మార్చికస్ అనే కోపిపాడ్ జాతి. వసంతంలో శైవలాలు విరివిగా పెరిగినప్పుడు అది కడుపునిండా మేసి, మైనపు ఎస్టర్ల (మైనంలాంటి కొవ్వు పదార్థాల) రూపంలో కొవ్వును ఒంట్లోని నూనె సంచిలో దాచుకుంటుంది. వేసవి ముగిసేలోగా 600 నుంచి 1,400 మీటర్ల లోతుకు దిగి, చలికాలమంతా ఆ కొవ్వుతోనే నిద్రావస్థలో గడుపుతుంది. అక్కడ విడుదలైన కార్బన్ డయాక్సైడ్ దీర్ఘకాలం వాతావరణాన్ని చేరదు. ఈ దారిన లోతుకు చేరే కార్బన్, మునిగే మృతకణాలు మోసుకెళ్లే కార్బన్‌తో పోల్చదగినంత ఉంటుందని 2015లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది.

కెరటం:
చర్చ అంతా సముద్రం చుట్టూనే తిరుగుతోంది కనుక మంచినీటి గురించి కొంత చేరుస్తాను. చెరువుల్లో, బావుల్లో కనిపించే సైక్లాప్స్ అనే కోపిపాడ్ జాతులు ఎక్కువగా వేటాడే స్వభావం కలవి. నారికురుపు పురుగు డింభకాలను మింగిన సైక్లాప్స్ ఉన్న నీటిని తాగినవారికి, సుమారు ఏడాది తర్వాత ఆ పురుగు చర్మాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. 1986లో ప్రపంచంలో సుమారు 35 లక్షల మంది దీని బారిన పడగా, 2023లో నమోదైన మానవ కేసులు ఇరవై లోపే. ఇందుకు టీకా గానీ మందు గానీ కారణం కాదు. తాగేనీటిని గుడ్డతో వడకట్టడం, రోగులను నీటివనరుల్లోకి దిగనివ్వకపోవడం వంటి జాగ్రత్తలే ప్రధానంగా పనిచేశాయి. అదే కుటుంబానికి చెందిన మీసోసైక్లాప్స్ దోమల తొలిదశ డింభకాలను తింటుంది. వియత్నాంలో దానిని నీటి తొట్టెల్లో వదిలి, డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ ఈజిప్టై దోమను అనేక గ్రామాల్లో నిర్మూలించారు. కాబట్టి కోపిపాడ్లు మేలు చేస్తాయా, కీడు చేస్తాయా అన్న ప్రశ్నకు జాతిని బట్టి, చోటును బట్టి జవాబు మారుతుంది.

నీటిబొట్టు:
అందరికీ ధన్యవాదాలు. మరొక సందేహం. ఒక కోపిపాడ్ జాతి తగ్గి, ఆ స్థానంలోకి మరొకటి వస్తే చేపలకు తేడా ఉంటుందా? రెండూ కోపిపాడ్లే కదా?

తరంగిణి:
చాలా తేడా ఉంటుంది. 1931 నుంచి నౌకల వెనుక లాగుతున్న ప్లవక సేకరణ యంత్రాల నమూనాలను పరిశీలిస్తే, ఉత్తర సముద్రంలో (బ్రిటన్‌కు తూర్పున ఉన్న నార్త్ సీలో) నీరు వెచ్చబడిన కొద్దీ పైన చెప్పిన కలానస్ ఫిన్‌మార్చికస్ వెనకబడి, కలానస్ హెల్గోలాండికస్ ముందుకు రావడం కనిపిస్తుంది. చూపుకు ఈ రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. కానీ మొదటిది వసంతంలో విరివిగా ఉంటే, రెండోదాని సంఖ్య వేసవి దాటాక, శరత్తు వైపు పెరుగుతుంది. వసంతంలో పుట్టే కాడ్ చేపపిల్లలకు ఆహారం ఆకలివేళకు అందకుండా పోతుంది.

తిమింగలాల విషయంలోనూ ఇలాగే జరిగింది. ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాలకు ప్రధాన ఆహారం కొవ్వు నిండిన ఈ ఫిన్‌మార్చికస్ గుంపులే. 2010 తర్వాత అమెరికా ఈశాన్య తీరంలోని మెయిన్ సింధుశాఖలో అవి తగ్గడంతో, తిమింగలాల్లో చాలా భాగం మేతను వెతుక్కుంటూ కెనడాలోని సెయింట్ లారెన్స్ సింధుశాఖకు తరలాయి. అక్కడి నౌకామార్గాల్లో, చేపలవేట ప్రాంతాల్లో వాటి రక్షణకు అప్పటికి తగిన నిబంధనలు లేవు. 2017లో నౌకలు ఢీకొని, వేట తాళ్లలో చిక్కుకుని పెద్ద సంఖ్యలో చనిపోయిన తర్వాతే కెనడా ప్రభుత్వం అక్కడ నౌకల వేగానికి పరిమితి విధించింది.