పరుగెత్తేటప్పుడు ఏమి వింటారు?

ప్రశ్న – సాగరతీరం, విశాఖపట్నం

ఉదయం బీచ్ రోడ్డు మీద వాహనాలను ఆపేసే వేళలో పరుగెత్తుతాను. కోస్టల్ బ్యాటరీ దగ్గర బయలుదేరి కురుసుర జలాంతర్గామి దాటేసరికి కాళ్లలో ఓపిక ఉన్నా మనసుకు విసుగు పుడుతుంది. డప్పుల జోరున్న సినిమా పాటలు పెడితే మొదటి కిలోమీటరు ఇట్టే అయిపోతుంది, ఆ తరువాత ఒకటే ఆయాసం. పాటలు మార్చాలా, మొత్తానికే మానేయాలా?

జవాబు – చెరువు కట్ట, హనుమకొండ

పాటలను తప్పుపట్టకండి. వాటిని మీరు మొదట్లోనే ఖర్చు పెట్టేస్తున్నారు. భౌతికశాస్త్రం బోధించి రిటైరైనదాన్ని, లెక్కతోనే చెబుతాను. పాట తాళాన్ని పదిహేను సెకన్లు బల్ల మీద కొట్టి చూసి, నాలుగుతో హెచ్చవేయండి. మీ అడుగులనూ అలాగే లెక్కపెట్టండి. నిమిషానికి 160 అడుగులు వేస్తుంటే 160 దెబ్బల పాట సరిపోతుంది, 80 దెబ్బలదీ సరిపోతుంది. రెండోదానిలో ప్రతి దెబ్బా ఒకే కాలి మీద పడుతుంది, అంతే. మీ జోరు పాటలు బహుశా ఈ లెక్కను మించి మిమ్మల్ని లాగుతున్నాయి.

లండన్‌లోని బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో కోస్టాస్ కారాజార్జిస్ ఏళ్ల తరబడి దీన్నే పరిశోధించారు. మాట్లాడుతూ పరుగెత్తగలిగే వేగంలో పాట శ్రమను మరిపిస్తుంది. ఊపిరి అందని వేగానికి చేరాక ఒంటి గోలే పైచేయి అవుతుంది.

నేనైతే మొదటి సగం బుర్రకథ వింటాను. నవ్వకండి! కథకుడు మాట అనగానే వంతలు ‘తందాన తాన’ అందుకుంటారు చూడండి, అది అడుగుకు చక్కగా అమరుతుంది. హాస్యపు వంత నోరు విప్పాడంటే భద్రకాళి చెరువు కట్ట మలుపు ఎప్పుడు దాటానో కూడా తెలియదు. యుద్ధఘట్టంలో మాత్రం వేగం పెరిగిపోతుంది, జాగ్రత్త. పాటలను ఆఖరి కిలోమీటరుకు దాచుకుంటాను. ప్రవచనాలూ విని చూశాను కానీ, వైరాగ్యం గురించి వింటూ వేగం పెంచడం నావల్ల కాలేదు.

జవాబు – ఒంటిచెవి, హైదరాబాద్

టీచరుగారి బుర్రకథ బాగుంది కానీ, కట్ట మీద బండ్లు రావు. మాలాగా రోడ్డు పక్కన పరుగెత్తేవారికి వెనక హారన్ వినబడాలి. నేను చెంప ఎముక మీద ఆనే హెడ్‌ఫోన్లు వాడతాను. శబ్దం ఎముక గుండా వెళ్తుంది, చెవి తెరిచే ఉంటుంది. ట్రాఫిక్ హోరులో మాటలు సరిగా అందవు, పాటలకైతే ఫరవాలేదు.

పోటీకి వెళ్లే ఆలోచన ఉంటే నిర్వాహకులను ముందే అడగండి. ప్రపంచ అథ్లెటిక్స్ నియమాల్లో చెవిలో పాట సహాయం కిందే లెక్క. ఇథియోపియా పరుగువీరుడు హైలే గెబ్రెసెలాసీ 1998లో బర్మింగ్‌హామ్‌లో 2000 మీటర్ల ఇండోర్ ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు పాట స్టేడియం మైకుల్లో మోగింది. అందరికీ వినబడింది కాబట్టి అభ్యంతరం లేదు!

సాగరతీరం

టీచరుగారూ, బుర్రకథలు ఎక్కడ దొరుకుతాయండీ?

చెరువు కట్ట

యూట్యూబులో పాత రికార్డింగులు చాలా ఉన్నాయి. ఇంట్లోనే ఫోనులోకి దింపుకుని బయలుదేరండి. సరిగ్గా వంతలు అందుకునేచోట సబ్బు ప్రకటన వస్తే అడుగు తప్పుతుంది.