మెలితేలో స్వస్థత దేనికి గుర్తు?

లూకా రాసిన అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో, మెలితే (నేటి మాల్టా) ద్వీపంలో ముఖ్యుడైన పొప్లి తండ్రి జ్వరంతో, రక్తభేదితో పడుకొని ఉండగా పౌలు ప్రార్థించి, చేతులుంచి అతనిని బాగుచేస్తాడు. తరువాత ద్వీపంలోని మిగిలిన రోగులూ వచ్చి స్వస్థత పొందుతారు. స్వస్థతలు సువార్తను ధ్రువపరచడానికే జరిగాయనే వివరణ నేను ఇంతకాలం అంగీకరించినదే, హెబ్రీయులకు 2:4 కూడా దానికి అనుకూలంగానే ఉంది. అయితే మెలితేలో పౌలు బోధించినట్లు గానీ, ఎవరైనా విశ్వసించినట్లు గానీ లూకా ఒక్క మాటా రాయలేదు. పైగా అదే పౌలు తన సహచరుడైన త్రోఫిమును రోగిగా మిలేతు పట్టణంలో విడిచివచ్చానని 2 తిమోతి 4:20లో ఉంది.

గ్రీకు మూలం చూశాను: 8వ వచనంలో ‘ఇయావోమై’, 9వ వచనంలో ‘థెరపెవో’ అనే, బాగుచేయడాన్ని తెలిపే క్రియలున్నాయి, కానీ లూకా వీటిని ఇతర చోట్ల దాదాపు సమానార్థకాలుగానే వాడినందున ఆ తేడాపై ఏదీ నిలబెట్టలేకపోయాను. క్రీ.శ. సుమారు 180లో రాసిన తొలినాటి సంఘ బిషప్పు ఐరేనియస్‌ను చదివితే, క్రైస్తవులు రోగులపై చేతులుంచి ఉచితంగా బాగుచేస్తున్నారని, అది ఇతరుల మేలు కోసమని ఉంది. ఇది కనికరం వైపు మొగ్గుతుంది గానీ మెలితే సంగతి తేల్చదు. బోధ సంగతి లూకా రాయకుండా వదిలేశాడని, అది జరిగే ఉంటుందని సరిపెట్టుకోవడం నాకు తృప్తినివ్వలేదు.

మెలితేలోని స్వస్థతలను లూకా సువార్తకు సాక్ష్యంగా చూపాడా, కేవలం కనికర కార్యంగా చూపాడా అన్నది తేల్చగల ఆధారం ఆయన రెండు గ్రంథాలలోనే (లూకా సువార్త, అపొస్తలుల కార్యములు) ఏ వచనంలో ఉంది?