పాప్‌కార్న్ మిషన్‌లో కాఫీ గింజలు: సాయంత్రమైతే పేలడం లేదు

ప్రశ్న (అనంతపురం):
ఇంట్లోనే కాఫీ వేయిస్తున్నా: అరకు పచ్చి గింజలు 100 గ్రాములు, 1200 వాట్ల గాలి పాప్‌కార్న్ మిషన్. వేడిగాలి పక్క సందుల్లోంచి వచ్చే రకమే. పొద్దున 6 నిమిషాలకే టపటపా పేలుతున్నాయి. సాయంత్రం 14 నిమిషాలైనా చప్పుడు లేదు, మధ్యలో దానికదే ఆగి మళ్లీ తిరుగుతోంది. రంగు మారుతుంది గానీ డికాక్షన్‌లో పచ్చిగడ్డి వాసన. కటాఫ్ (మరీ వేడెక్కితే దానికదే ఆపేసే స్విచ్) తీసేస్తే సరిపోతుందా అన్నా?

జవాబు (కర్నూలు):
కటాఫ్ జోలికి పోవద్దు. ముందు సాయంత్రం మిషన్ నడుస్తుండగా వోల్టేజీ చూడు. 230 ఉండాల్సింది 190 ఉంటే ఆ 1200 వాట్ల పెద్ద హీటరు కాయిల్ 820 వాట్లే ఇస్తుంది. పైగా ఇందులో ఫ్యాను మోటారు చిన్న డీసీది, దానికి కరెంటు చిన్న కాయిల్ గుండానే వస్తుంది. వోల్టేజీ పడితే గాలీ పడుతుంది. గింజలు తిరగవు, వేడి కాయిల్ దగ్గరే నిలిచి కటాఫ్ కొడుతుంది.

ఇప్పటికి 70 గ్రాములే వేసి చూడు. పక్కాగా కావాలంటే ఫ్యాను, హీటరు విడదీయాలి. ఫ్యానుకు వేరే డీసీ సప్లై, పెద్ద కాయిల్‌కు 4000 వాట్ల ట్రయాక్ డిమ్మర్ (వేడి తగ్గించే రెగ్యులేటరు). మోటారుకు మెయిన్స్‌తో (ఇంటి 230 వోల్టుల కరెంటుతో) ఒక్క వైరూ కలిసి ఉండకూడదు. ఫ్యాను తిరగందే హీటరు వెయ్యకూడదు, కాయిల్ ఎర్రబడి థర్మల్ ఫ్యూజు (వేడికి తెగిపోయే ఫ్యూజు) పోతుంది. అది పోతే కొత్తది క్రింప్ చెయ్యాలి, అంటే లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించాలి. సాల్డరింగ్ పెడితే ఆ వేడికే కొట్టేస్తుంది.

డిమ్మర్ వేడి తగ్గించగలదే గానీ పెంచలేదు. సాయంత్రం సమస్యకు స్టెబిలైజరే దారి, హీటరు 5 ఆంపియర్లకు పైనే లాగుతుంది కాబట్టి టీవీ స్టెబిలైజర్ చాలదు.

జవాబు (కడప):
సన్న ఎక్స్‌టెన్షన్ వైరుంటే ముందు అది తీసెయ్. గింజ వేగిందా లేదా తూకం చెబుతుంది: 100 గ్రాములు 85 దగ్గరికి రావాలి. 90 ఉంటే లోపల పచ్చే, రంగు చూసి మోసపోవద్దు. ఫిల్టర్ కాఫీకైతే మొదటి పేలుడు ముగిశాక, రెండో చిటపట మొదలవుతూనే దించి, వెల్లకిలా పెట్టిన టేబుల్ ఫ్యాను మీద జల్లెడలో పోసి కలుపు. మన ఎండల్లో చల్లారడం ఆలస్యమైతే గింజ లోపల ఇంకా వేగుతూనే ఉంటుంది. పొట్టు ఇల్లంతా ఎగురుతుంది, వరండాలో పెట్టుకో.

ప్రశ్న (అనంతపురం):
పాత ల్యాప్‌టాప్ చార్జర్ 19 వోల్టులది ఉంది. ఫ్యానుకు నేరుగా ఇవ్వొచ్చా?

జవాబు (కర్నూలు):
వైర్లు విడదీయకముందే మోటారు కొసల దగ్గర ఎన్ని వోల్టులొస్తున్నాయో పొద్దున పూట కొలువు. ఆ కొలతకంటే ఎక్కువ ఇస్తే మోటారు లోపలి బ్రష్‌లు త్వరగా అరిగిపోతాయి. చార్జరుకూ ఫ్యానుకూ మధ్యలో 5 ఆంపియర్ల బక్ కన్వర్టర్ (డీసీ వోల్టేజీ తగ్గించే బోర్డు) పెట్టు. గింజ వేగేకొద్దీ తేలికవుతుంది, అప్పుడు గాలి తగ్గించుకోవడానికీ అదే పనికొస్తుంది.