రెండు మూడు యూనిట్లు తగ్గించి రాయమంటే మీరేం చెప్తున్నారు?

తెలంగాణలో ఓ చిన్న పట్టణంలో కాంట్రాక్టర్ కింద కరెంటు మీటర్ల రీడింగ్ తీస్తున్నాను. నెల జీతం లేదు, కొట్టిన బిల్లుకి ఇంత అని ఇస్తారు.

2024లో గృహజ్యోతి (ఇళ్లకు ఉచిత కరెంటు పథకం) మొదలైనప్పటి నుంచి 200 యూనిట్ల దగ్గరే టెన్షన్. ఆ లోపైతే జీరో బిల్లు. 203 వచ్చిందా, మొత్తం యూనిట్లకీ కట్టాలి. ఇక నన్ను గేటు దాటనివ్వరు. "మూడు యూనిట్లే కదా తమ్ముడూ, వచ్చే నెలలో కలుపుకో" అంటారు. ఐఆర్ పోర్టు (వైరు లేకుండా రీడింగ్ పంపేది) ఉన్న మీటరైతే రీడింగ్ నేరుగా నా బిల్లింగ్ మిషన్‌లోకే పోతుంది, నా చేతిలో ఏమీ లేదని చూపించొచ్చు. చిక్కంతా పాత మీటర్లతోనే, అంకెలు నేనే కొట్టాలి. తగ్గించి కొడితే రేపు చెకింగ్‌లో దొరికేది నేను, వాళ్లు కాదు.

వానల వల్ల లేటుగా వెళ్లిన వీధుల్లో ఇంకా గొడవ, నువ్వు లేటుగా రావడం వల్లే రోజులు పెరిగి 200 దాటిందంటారు. వాళ్ల కోపంలో న్యాయం లేకపోలేదు. అలాంటివాళ్లను ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ఆఫీసుకు పంపాలా, ఈఆర్‌ఓకా (బిల్లులు చూసే కరెంటు రెవెన్యూ ఆఫీసు)? పాత మీటర్లకు ఫోటో తీసి పెట్టుకుంటే తర్వాత పనికొస్తుందా? ఈ పనిలో ఉన్న అన్నలు ఎవరైనా చెప్పండి.