చిన్న డీజిల్ కారుకి బైపాస్ ఆయిల్ ఫిల్టర్: మన డెల్టాలో ఎవరైనా బిగించారా?

ఉండి చెరువుగట్టు:
నాది 2013 స్విఫ్ట్ డీజిల్, 1.3 ఇంజను, లక్షా తొంభై వేలు తిరిగింది. రోజూ రొయ్యల చెరువుల చుట్టూ నాలుగైదు ముక్క ట్రిప్పులు. ఇంజను సరిగ్గా వేడెక్కే లోపే ఆపేస్తుంటాను. ఆయిలు మార్చిన వారానికే కాటుకలా తయారవుతోంది. తెలిసినాయన జనరేటర్‌కి పక్కన విడిగా ఇంకో ఫిల్టరుంటే చూశాను. కారుకీ అలాంటిది పెట్టిద్దామని ఉంది. ఆయిలు ఎక్కువ రోజులు వస్తుందాండీ?

పాలకొల్లు లేత్:
డీజిల్ బండిలో ఆయిలు నల్లబడటం జబ్బు కాదండి. మసిని గడ్డకట్టకుండా విడివిడిగా పట్టి ఉంచే మందు ఆయిల్లోనే కలిపి ఉంటుంది. అది తన పని చేస్తోందన్నమాట.

కంపెనీ ఫిల్టర్ గుండా ఆయిలంతా పోవాలి. కాగితం మరీ చిక్కగా ఉంటే ఆయిలు అందదు కాబట్టి 20, 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటిన ముక్కల్నే అది గట్టిగా ఆపుతుంది. బైపాస్‌ది పక్కదారి. పెద్ద కాలవ నీళ్ళన్నీ ఒక్కసారి తేర్చలేక ఒక బోదె తీసి నెమ్మదిగా తేర్చుకున్నట్టు. పంపు తోసేదాంట్లో ఏ పదో వంతో సన్న బెజ్జంలోంచి వెళ్ళి, మందపాటి ఎలిమెంట్‌లో వడకట్టుకుని, నేరుగా సంపులోకి, అంటే ఇంజను అడుగున ఆయిలుండే తొట్టిలోకి దిగుతుంది. రెండు మూడు మైక్రాన్ల నలుసు కూడా చాలావరకు దొరుకుతుంది. బేరింగుల్లో ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లే కదా, అరగదీసేది ఆ సైజువే.

రాజోలు డీజిల్:
నేను ఇండికాకి పెట్టించి నాలుగేళ్ళయింది. ఆయిల్ ప్రెషర్ స్విచ్ తీసి అక్కడ టీ (మూడు దారుల జాయింటు) వేసి, ఒక దారి స్విచ్‌కి, ఒక దారి ఫిల్టర్‌కి ఇచ్చాం. తిరుగు గొట్టం ఆయిల్ పోసే మూతలోకి. ఆ టీ మర జాగ్రత్త. పది మిల్లీమీటర్ల మర, అంగుళంలో ఎనిమిదో వంతు పైపు మర కంటికి ఒకేలా కనిపిస్తాయి. చేత్తో రెండు చుట్లు తేలిగ్గా ఎక్కకపోతే స్పానర్ పెట్టకండి, బ్లాకులో మర పోతుంది.

రెండో నెలలో చించినాడ వంతెన ఎక్కుతుంటే ఆయిల్ ప్రెషర్ ఎర్ర దీపం వెలిగింది. అక్కడికక్కడే ఇంజను కట్టేశాను. బానెట్ ఎత్తితే, హోసు బ్యాటరీ ట్రే అంచుకి రాసుకుని రూపాయి బిళ్ళంత మేర అరిగిపోయింది. లోపలి అల్లిక తీగ పోగులు పైకి లేచాయి, మధ్యలోంచి ఆయిలు కారుతోంది. లీటరున్నర పైనే పోయింది. ఇంకో కిలోమీటరు నడిపుంటే బేరింగులు దక్కేవి కావు.

అప్పట్లో సన్న బెజ్జం ఫిల్టర్ దగ్గర ఉండేది. ఇప్పుడు ఇంజను వైపు, టీలోనే పెట్టించాను. హోసు పగిలినా ఆయిలు సన్నగానే పోతుంది, ప్రెషర్ ఒక్కసారిగా పడదు. పెట్టించేవాళ్ళు ఈ ఒక్కటీ మర్చిపోవద్దు.

అమలాపురం అన్న:
వరదప్పుడు ఇంజన్లోకి నీళ్ళు పోతే ఇది లాగేస్తుందా?

పాలకొల్లు లేత్:
కాగితపు ఎలిమెంట్ చెమ్మని కొంత పీలుస్తుందంతే. ఆయిలు పాల టీ రంగుకి తిరిగితే స్టార్ట్ చెయ్యకుండా మొత్తం దింపేయాలి.

ఉండి వారికి: ఫిల్టరు మసిని కొంత తీస్తుంది గానీ అరిగిపోయిన మందుల్ని తిరిగి ఇవ్వదు, కలిసిన డీజిల్‌ని విడదీయదు. ముప్పై లీటర్లు పట్టే లారీకి లెక్క వేరు. మీ బండికి పట్టేది మూడు లీటర్ల చిల్లర. ఆయిలు ల్యాబులో చూపించకుండా మార్పు గడువు పెంచకండి. నేనైతే ఆ డబ్బుతో ఐదు వేలకోసారి మార్చేస్తాను. ఇంతకీ డిప్‌స్టిక్ (ఆయిలు కొలిచే పుల్ల) మీద లెవెల్ ఎలా ఉంది?

ఉండి చెరువుగట్టు:
ఇప్పుడే చూశాను. పై గీత దాటి వేలెడు ఎక్కువుంది. నేను పోసింది లేదు. వాసన చూస్తే డీజిల్ తగులుతోంది.

పాలకొల్లు లేత్:
అయితే బైపాస్ మాట పక్కన పెట్టండి. డీజిల్ దిగుతోంది, ఆయిలు పల్చబడిపోయింది. ఆ ఆయిల్‌తో అసలు నడపకండి. నాలుగు ఇంజెక్టర్లూ టెస్టుకి ఇవ్వండి.

ఉండి చెరువుగట్టు:
బండి ఆపేశానండి. చెరువులకి తమ్ముడి బైకు మీద వెళ్తున్నాను. శుక్రవారం భీమవరంలో ఇంజెక్టర్లు విప్పిస్తున్నాను, ఏది కారుతోందో ఇక్కడే రాస్తాను.