పిల్ల తాబేళ్లకు నాగజెముడు: పెద్ద ముళ్లు తీస్తే సరిపోతదా?

హన్మకొండ సల్కాటా

నమస్తే అందరికీ. రెండు సల్కాటా (ఆఫ్రికా జాతి నేల తాబేలు) పిల్లలు ఉన్నయి. వయసు 8 నెలలు, ఒక్కోటి 110 గ్రాముల దగ్గర. గరిక, మందారాకు, మల్బరీ ఆకు మంచిగనే తింటున్నయి. నాగజెముడుల కాల్షియం ఎక్కువ, ఎండాకాలం ఒంటికి నీళ్లు కూడా అందుతయని అంటున్నరు. మా దిక్కు గుట్టల పొంటి, చేను గట్ల మీద కావలసినంత ఉన్నది. కానీ అదే చెట్టును ఒకరు నాగజెముడు అంటే ఇంకొకరు బ్రహ్మజెముడు అంటున్నరు, బొంతజెముడు అనేటోళ్లు కూడా ఉన్నరు. ఏది పెట్టొచ్చు, ఏది పెట్టొద్దు? పెద్ద ముళ్లు కత్తెరతో తీస్తే చాలా? ఇంత చిన్నవాటికి ఎంత పెట్టాలె?

గుట్టకింది తోట

అన్నా, పేరును నమ్ముకోవద్దు. జెముడు పేర్లు ఊరు దాటితే మారిపోతయి. పాలు చూడండి. చాకుతో చిన్న గాటు పెట్టి అర నిమిషం ఆగండి. తెల్లటి పాలు కారితే అది యుఫోర్బియా (పాలు కారే జెముళ్ల జాతి), దాని జోలికే పోవద్దు. ఆ పాలు తగిలితే నోరు, గొంతు పొక్కుతయి, కంట్ల పడితే చూపుకే ప్రమాదం. కోసిన చాకును సబ్బుతో కడిగిందాకా ఇంకో మట్ట మీద పెట్టొద్దు. పాలు లేకుండ, బెండకాయ కోసినట్టు రంగులేని జిగురు వస్తే అది ఒపన్షియా, అంటే అసలు నాగజెముడు. మీకు కావలసింది అదే. నీళ్లు లేక వాడిన చెట్టుకు పాలు తొందరగ రావు, కాబట్టి ఒక్క గాటుతోని తేల్చకుండ లేత కొమ్మ మీద ఇంకోటి పెట్టి చూడండి.

ఆకారం కూడ కలవాలె. ఒపన్షియా అంటే అప్పచ్చుల్లాంటి మట్టలు ఒకదాని మీద ఒకటి అతికినట్టు ఉంటయి, ముళ్లు ఒక్కో చుక్క నుంచి గుత్తిగ లేస్తయి. యుఫోర్బియా కొమ్మకు నిలువు గీరలు ఉంటయి, ముళ్లు జంటగ ఉంటయి.

ఇంకో మాట. పత్తి చేను గట్టు మీది జెముడు తేవద్దు. మన దగ్గర పత్తికి ఎన్ని మందులు కొడతరో తెలిసిందే. గట్టు మీద గడ్డిమందు పడ్డ మట్ట పైకి పచ్చగనే కనబడతది, కడిగితే పోదు. నర్సరీల కొన్నా అంతే, కొన్నప్పుడు ఉన్న మట్టలు పెట్టకుండ, మీ కుండీల కొత్తగ వచ్చినవి మాత్రమే కోయండి. గుట్ట మీది శుభ్రమైన చెట్టు నుంచి ఒక మట్ట తెచ్చి, నీడల వారం ఆరబెట్టి, సగం ఇసుక సగం ఎర్రమట్టి కలిపిన కుండీల మూడో వంతు పాతితే చాలు. వేరు పట్టిందాక నీళ్లు తక్కువ పోయండి, లేకుంటే కుళ్లుతది.

తాబేటి డిప్ప

పెద్ద ముళ్ల గురించి అందరూ భయపడతారు, అసలు ప్రమాదం వాటితో కాదు. ప్రతి చుక్కలో వెంట్రుక కన్నా సన్నగా, బంగారు రంగులో నూగుముళ్లు కుచ్చులుగా ఉంటాయి. వాటికి వెనక్కి తిరిగిన సన్నటి కొక్కేలు ఉంటాయి కాబట్టి గుచ్చుకుంటే లోపలికే పోతాయి తప్ప ఊడిరావు. ముళ్లు లేని రకం అని అమ్మే మొక్కకూ ఇవి ఉంటాయి. 110 గ్రాముల పిల్ల నాలుక మెత్తగా ఉంటుంది, ఒక్కటి దిగినా తిండి మానేస్తుంది.

అరచేయంత, లేత ఆకుపచ్చ మట్టను పట్టకారుతో పట్టుకుని కణుపు దగ్గర కోయండి. పొద్దున కాకుండా మధ్యాహ్నం దాటాక కోస్తే మంచిది. ఈ మొక్క రాత్రంతా పులుపు కూడబెట్టుకుని పగలు ఖర్చు పెట్టుకుంటుంది, తెల్లవారుజామున కోసిన మట్ట బాగా పుల్లగా ఉంటుంది. తర్వాత గ్యాస్ మంట మీద తిప్పుతూ కాల్చండి. నూగు చిటపటమని అంటుకుని పోతుంది. అంచులు మరవద్దు, కుచ్చులు ఎక్కువగా ఉండేది అక్కడే. మట్ట ఉడికిపోకూడదు, పై నూగు మాడితే చాలు. కుళాయి కింద గట్టి బ్రష్‌తో రుద్ది, చుట్టూ అంచును అర సెంటీమీటరు కోసి పారేయండి.

చివరగా మట్టను కంటి ఎత్తున అడ్డంగా పట్టుకుని, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేయండి. మిగిలిన నూగు తీగలా మెరుస్తుంది. మెరిసిన చోటల్లా చాకు మొనతో ఆ చుక్కను గుంటగా తవ్వి తీయండి.

మామునూరు దారి

పై పద్ధతి పెద్ద తాబేళ్లకు సరిపోతుంది గానీ, ఏడాది లోపు పిల్లలకు కాల్చి వదిలేయడం నాకు ఒప్పదు. మొదటి కొన్నాళ్లు రెండు వైపులా తోలు పలుచగా చెక్కేయండి. పీచు కొంత పోతుంది, పోనీయండి, పీచు గరికలో దొరుకుతుంది.

చెక్కిన గుజ్జును అగ్గిపుల్లంత ముక్కలు కోసి, తరిగిన గరికలో కలపండి. మొదటిరోజు ఒక్కోదానికి రెండు ముక్కలు చాలు. మూడు రోజులు పెంటిక చూడండి. గట్టిగా, పీచు కనిపిస్తూ ఉంటే వారానికి రెండుసార్లు ఇవ్వొచ్చు. జారుగా, జిగురుగా ఉంటే ఆపి గరిక మీదనే ఉంచండి. జెముడులో ఎక్కువ భాగం నీరు, జిగురే. మొత్తం తిండిలో పదో వంతుతో మొదలుపెట్టి అయిదో వంతు దాటనీయొద్దు. సల్కాటా గడ్డి తినే జీవి. కాల్షియం ఉన్నది కదా అని ఎండ మానేస్తే ఆ కాల్షియం ఒంటికి పట్టదు. పొద్దుటి ఎండ గానీ యూవీబీ దీపం (ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఇచ్చేది) గానీ ఉండాల్సిందే, పక్కన నీడ కూడా ఉండాలి.

తిన్న తర్వాత ముందు కాలితో నోరు గీక్కున్నా, నోరు తెరిచి ఉంచినా, సొంగ కారినా నూగు దిగిందనే అనుకోండి. మీరు పట్టకారుతో లాగొద్దు, విరిగి లోపలే ఉండిపోతుంది. పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోండి, తాబేళ్లను చూస్తారో లేదో ముందే ఫోన్ చేసి అడగండి.

ఇక సల్కాటాలను విదేశీ జీవుల నమోదుకు వచ్చిన 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, చేయకపోతే వెంటనే చేయండి. ఇది చదివి ఎవరైనా నక్షత్ర తాబేలుకు పెడదామనుకుంటే, దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

హన్మకొండ సల్కాటా

చాలా థ్యాంక్స్. పాలు చూసిన, రాలేదు, జిగురే వచ్చింది. కానీ మట్ట మీద దూది లెక్క తెల్లగ అంటుకున్నది, అది బూజా? పండ్లు కూడ పెట్టొచ్చా?

గుట్టకింది తోట

పుల్లతోని నలిపి చూడండి. ఎర్రగ రంగు కారితే అది బూజు కాదు, కోచినీల్ పురుగు. 1926లో దక్షిణ భారతంల నాగజెముడును అణచడానికి తెచ్చి వదిలింది ఈ జాతి పురుగునే. విషం కాదు, గట్టిగ కడిగితే పోతది. కానీ పురుగు బాగ పట్టిన మట్ట వాడిపోయి ఉంటది, వేరేది కోసుకోండి.

పండు ఇప్పుడే వద్దు. చక్కెర ఎక్కువ, గడ్డి తినే పేగుకు పడదు, పైగా మట్ట కన్నా పండు మీదనే నూగు దట్టంగ ఉంటది. ఎప్పుడన్న పొరపాటున తిన్నా, మర్నాడు పెంటిక ఎర్రగ వస్తే రక్తమని బెదరొద్దు, అది పండు రంగే. రెండో రోజు కూడ అట్లనే ఉంటే మాత్రం చూపించండి.