పిగిలిపిట్ట పిల్ల దొరికింది, ఏం పెట్టాలి?

పెరటిగుమ్మం (తెనాలి):
నమస్తే అండీ. నిన్న సాయంత్రం అంట్లు కడగడానికి పెరట్లోకి వెళ్తే నందివర్ధనం చెట్టు కింద ఓ పిట్టపిల్ల. పిగిలిపిట్టదే అనుకుంటున్నా, నెల నుంచి ఆ చెట్టులో వాటి గూడు ఉంది. పక్కింటి పిల్లి అప్పటికే గోడెక్కి కూర్చుంది. ఇంకేం ఆలోచించలేదు, కొంగులో వేసుకుని లోపలికి తెచ్చేశా.

చెప్పుల డబ్బాలో పాత లుంగీ గుడ్డ పరిచి, మూతకి చిల్లులు పెట్టి బీరువా మీద ఉంచా. దానికి గాలి కొడుతుందని రాత్రంతా ఫ్యాన్ ఆపేశాం. మే నెలలో! మా ఆయన మొహం చూడాలి మీరు. అత్తయ్యగారు దూది పాలలో ముంచి ముక్కు దగ్గర పెట్టారు, నోరే తెరవలేదు. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఒకటే అరుపు. వేలు చాపితే ఎక్కి గట్టిగా పట్టుకుంటోంది, గోళ్లు సూదుల్లా ఉన్నాయి. ఒంటి మీద ఈకలున్నాయి, తోక మాత్రం బొటనవేలి గోరంత.

మనిషి చెయ్యి తగిలిన పిల్లని తల్లి రానివ్వదట, ఇక నేనే పెంచాలట. అత్తయ్యగారి మాట. ఏం పెట్టాలి? డ్రాపర్‌తో నీళ్లు పోయొచ్చా? టెన్షన్‌గా ఉంది.

పశువుల డాక్టరు కాబోయేవాడు:
అక్కా, ముందు ఆ పాలు పక్కన పెట్టండి. పిట్టలకి పాలు అరగవు. నీళ్లూ నోట్లో పోయొద్దు. నాలుక మొదట్లోనే గాలి గొట్టం రంధ్రం ఉంటుంది, చుక్క అటు పోయిందంటే ఊపిరితిత్తుల్లోకే.

మీరు చెప్పిందాన్ని బట్టి అది పడిపోయిన పిల్ల కాదు, గూడు దిగిన పిల్ల. పిగిలి పిల్లలు పుట్టిన పన్నెండు రోజులకి అటూ ఇటూగా బయటికొచ్చేస్తాయి, ఎగరడం సరిగ్గా రాకముందే. కొన్నాళ్లు పొదల్లో గెంతుతుంటే అమ్మానాన్నలే వెతుక్కుంటూ వచ్చి పెడతాయి. ఈకలు రాని గుడ్డిపిల్ల అయితే గూట్లోనే పెట్టమనేవాడిని. చెయ్యి తగిలితే వదిలేస్తాయన్నది నిజం కాదు.

ఒక్కటి చూడండి: రెక్క వేలాడుతోందా? ఎక్కడైనా రక్తం ఉందా? పిల్లి పన్ను చిన్నగా గీసుకున్నా సరే, ఇవాళే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పిల్లి నోట్లోని క్రిములతో పిట్టలు ఒకట్రెండు రోజుల్లోనే చనిపోతాయి.

వేపచెట్టు:
పెంచాలని మాత్రం అనుకోకండి. మా అబ్బాయి ఓసారి గోరింక పిల్లని ముద్దుకొద్దీ అన్నం మెతుకులు పెట్టి పెంచాడు, మూడో రోజుకి పోయింది. వాడు రెండు రోజులు బడికి వెళ్లలేదు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి పిట్టల్ని ఇంట్లో ఉంచుకోకూడదు కూడా.

కూరగాయల ప్లాస్టిక్ బుట్ట ఉంటే ఎండుగడ్డి వేసి, అదే చెట్టుకి నీడ పట్టున, ఛాతీ ఎత్తులో కట్టండి. అడుగున చిల్లులుండాలి. పిల్లని అందులో పెట్టి లోపలికి వచ్చేయండి. మీరు అక్కడే నిలబడితే అవి రావు.

పెరటిగుమ్మం:
రక్తం లేదు, రెక్కలు రెండూ బాగానే ఉన్నాయి. ఏడింటికి ఉల్లిపాయల బుట్ట కట్టి, కిటికీ రెక్క ఓరగా వేసి చూస్తూ కూర్చున్నా. అరగంట ఏమీ లేదు. పిల్ల అరుస్తోంది, నాకు లోపల పీకుతోంది. వెళ్లి తెచ్చేద్దామని రెండుసార్లు లేచా.

తర్వాత దడి మీద ఒకటి వాలింది. నల్లటి జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ, ముక్కున ఆకుపచ్చ పురుగు. వెంటనే రాలేదు, జామకొమ్మ మీదికి, అక్కణ్నుంచి బట్టల తీగ మీదికి మారి చుట్టూ చూసుకుని బుట్ట అంచున దిగింది. రాత్రంతా నోరు తెరవనిది ఇప్పుడు చూస్తే ఒళ్లంతా నోరే! ఇంకోటి కూడా వచ్చింది. ఎనిమిదిన్నరలోపు నేను లెక్కపెట్టినవే ఏడుసార్లు.

పదింటికి చూస్తే బుట్ట ఖాళీ. గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే అది పక్కనున్న మందారంలో దూరి కూర్చుంది.

అత్తయ్యగారు పెరటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, చీపురు పట్టుకుని పిల్లికి కాపలా కాస్తున్నారు. నన్ను కూడా అటు వెళ్లనివ్వడం లేదు. ఇవాళ అంట్లు వీధి కుళాయి దగ్గరే.